పేరులో తెలుగు ఉంటే చాలదు, చార్టులో ఉండాలి

మీ ప్రశ్న చూడగానే జవాబు రాయాలనిపించింది. మీరు అడిగిన మూడు విషయాల మీదే నా ఉద్యోగమంతా గడిచింది. మిగతావాళ్లకు కూడా అర్థమయ్యేలా ముందు ప్రశ్న క్లుప్తంగా చెప్తాను. విజయనగరంలో ఉన్న మీ నాన్నగారి కోసం నెలనెలా డబ్బు కట్టి ఒక తెలుగు స్పోర్ట్స్ ఛానెల్ పెట్టించారు. పేరులో తెలుగు ఉన్నా రోజులో చాలాసేపు హిందీ, ఇంగ్లీషు మాటలే వినిపిస్తున్నాయి, ఎందుకు? క్రికెట్, తెలుగు టైటాన్స్ కబడ్డీ ఒకే రాత్రి పడితే కబడ్డీ వేరే నంబరుకు వెళ్లిపోయింది, ఎందుకు? ఇండియా మ్యాచ్ దూరదర్శన్‌లో ఉచితంగా వస్తుందని విని కేబుల్‌లో పెడితే వేరే కార్యక్రమం నడుస్తోంది, ఎందుకు?

నేను ముప్పై ఏళ్లకు పైగా టీవీ ప్రసారాల్లో పనిచేశాను. మొదట ప్రభుత్వ టీవీలో ప్రెజెంటేషన్ విభాగం. తర్వాత ప్రైవేటు స్పోర్ట్స్ ప్రసారాల్లో తెలుగు ఫీడ్‌కి, అంటే తెలుగులో వెళ్లే ప్రసారానికి, ఎఫ్‌పీసీ రాసే పని. ఎఫ్‌పీసీ అంటే ఫిక్స్‌డ్ పాయింట్ చార్ట్, ఏ గంటకి ఏ కార్యక్రమం రావాలో రాసే పట్టిక. మా వాళ్లు దాన్ని ఉత్త చార్టు అనే అంటారు. మీ మూడు ప్రశ్నలకూ జవాబు ఆ చార్టు ఎవరి చేతిలో ఉందన్న దాంట్లోనే ఉంది. ఛానెల్ పేరు, లోగో, రంగులు మార్చడానికి కొద్ది రోజులు చాలు. చార్టులో ఒక్క గంటను మార్చే హక్కు ప్రాంతానికి ఇవ్వడం మాత్రం ఏళ్లు గడిచినా జరగదు.

మొదటి ప్రశ్న తీసుకుందాం. స్టార్ స్పోర్ట్స్ 1 తెలుగు 2018 డిసెంబరులో మొదలైంది. తమిళానికి అంతకుముందే, 2017లో, వచ్చింది. 2018 వేసవి ఐపీఎల్‌కి తెలుగు వ్యాఖ్యానం ఉంది గానీ, దాన్ని వినిపించడానికి తెలుగు స్పోర్ట్స్ ఛానెల్ లేదు. అందుకే ఆ ఏడాది సినిమా ఛానెల్‌లో చూపించారు. అంటే టీవీలో రోజంతా నడిచే తెలుగు ఆటల ఛానెల్ అనే ఆలోచనే మనకు చాలా కొత్తది. దాని వల్ల ఒక చిక్కు వస్తుంది. బయటివాళ్లకు అది కనబడదు.

స్పోర్ట్స్ ఛానెల్ బతికేది లైవ్ మీద, కానీ రోజు నిండేది పాత మ్యాచ్‌లతో. ఐపీఎల్‌లో 74 మ్యాచ్‌లు, ఒక్కోటి నాలుగు గంటలు అనుకున్నా సుమారు 300 గంటలు. ఏడాదికి 8,760 గంటలు. కబడ్డీ, ఇండియా మ్యాచ్‌లు, వాటి ముందూ వెనకా వచ్చే చర్చలు అన్నీ కలిపినా తెలుగు మాటతో కొత్తగా తయారయ్యేది ఏడాదిలో ఎనిమిదో వంతుకు మించదని నా అంచనా. మిగతా ఏడు వంతులు ఏం వేయాలి? హిందీ ఛానెల్‌కి పాత సరుకు ఉంది, ఇంగ్లీషుకి కొండంత ఉంది. మనకు? 2007 టీ20 ప్రపంచ కప్ ఫైనల్, 2011 ప్రపంచ కప్ ఫైనల్ మనం టీవీలో చూసింది ఇంగ్లీషులోనో హిందీలోనో. వాటికి తెలుగు ధ్వని అసలు పుట్టనే లేదు. వాన పడి ఆట ఆగితే, ఆ ఖాళీలో వేయడానికి తెలుగు లైబ్రరీలో చేతికి అందేది కొద్దిపాటి పదార్థమే. మీ నాన్నగారికి మధ్యాహ్నం రెండింటికి వినిపించే హిందీ గొంతు వెనక ఉన్న అసలు కారణం ఇదే. ఇందులో ఎవరి దురుద్దేశమూ లేదు. కానీ దీన్ని సరిచేయడానికి డబ్బు పెట్టాలన్న పట్టుదల కూడా నేను పెద్దగా చూడలేదు. పాత మ్యాచ్‌ల హైలైట్స్‌కి కొత్తగా తెలుగు వ్యాఖ్యానం చెప్పించడం కష్టమైన పని కాదు. ఇద్దరు వ్యాఖ్యాతలు, ఒక చిన్న గది, అరగంట కార్యక్రమానికి ఒక పూట. నేను ఉన్నన్నాళ్లూ ఆ ప్రతిపాదన రాస్తూనే ఉన్నాను.

ఇక బొమ్మ మీద కనిపించే అక్షరాల సంగతి. దీని గురించి కాస్త ఎక్కువే రాస్తాను, ఎందుకంటే ప్రాంతీయ ఛానెల్ అన్న ముద్ర మొదట కంటికి తగిలేది అక్కడే.

మైదానం నుంచి వచ్చే సిగ్నల్ రెండు రకాలు. ఒకటి స్కోరు పట్టీ, ఆటగాళ్ల పేర్లు అన్నీ ఇంగ్లీషులో అతికించి వచ్చేది. రెండోది ఏ అక్షరమూ లేకుండా వచ్చే క్లీన్ ఫీడ్. తెలుగులో స్కోరు వేయాలంటే క్లీన్ ఫీడ్ తీసుకోవాలి, దాని మీద మన గ్రాఫిక్స్ మనమే వేసుకోవాలి. దానికి వేరే యంత్రం, వేరే మనిషి, బంతి బంతికీ స్కోరు అందించే డేటా లైను కావాలి. ఖర్చు వద్దనుకుంటే మొదటి రకం తీసుకుని, దాని మీద తెలుగు గొంతు పెట్టి, మూలన తెలుగు లోగో వేస్తారు. అప్పుడు చూసేవాళ్లకు వినేది తెలుగు, చదివేది ఇంగ్లీషు.

మేం తెలుగు గ్రాఫిక్స్ మొదలుపెట్టిన రోజులు నాకు బాగా గుర్తు. స్కోరు పట్టీ ఎత్తు ఇంగ్లీషు అక్షరాల కొలతకు చేసింది. ఇంగ్లీషు పెద్ద అక్షరాలు ఒకే ఎత్తులో నిలబడతాయి. మన అక్షరానికి పైన గుడి, కొమ్ము, కింద వత్తు. ఆ పట్టీలో పెడితే కింది వత్తులు తెగిపోయేవి. వత్తులు కనబడాలని అక్షరం చిన్నది చేస్తే, దూరంగా కూర్చున్న పెద్దవాళ్లకు చదవడం కష్టం. దానికి తోడు ఆ యంత్రానికి మన సంయుక్తాక్షరాలు కలపడం రాదు. 'క్రికెట్' అని కొడితే క కింద ఉండాల్సిన వత్తు విడిపోయి, పొల్లు క పక్కన రి వేరుగా వచ్చి కూర్చునేది. చివరికి ఆటగాళ్ల పేర్లన్నీ ముందే ఒక్కొక్కటిగా బొమ్మల్లా చేసి యంత్రంలో పెట్టుకున్నాం. మ్యాచ్ రోజు టాస్ అయ్యాక, మా జాబితాలో లేని కొత్త కుర్రాడు జట్టులోకి వస్తే టెన్షన్ మొదలయ్యేది. అతని పేరు బొమ్మ చేసేలోపు ఓవర్ అయిపోయేది. అలా ఒకసారి, ఒక కుర్రాడి మొదటి మ్యాచ్‌లో, అతను బ్యాటింగ్‌కి వస్తుంటే పేరు ఉండాల్సిన చోట ఖాళీ పట్టీ వెళ్లింది. ఆ అబ్బాయి ఇంట్లోవాళ్లు ఆ క్షణాన్ని ఎన్ని ఏళ్లు ఎదురుచూసి ఉంటారో అన్న బాధ నన్ను ఇప్పటికీ వదలదు.

ఇంకో చిన్న సంగతి. సన్‌రైజర్స్ హైదరాబాద్ జట్టు పేరుకు ఇంగ్లీషులో మూడు అక్షరాలు చాలు. దాన్నే తెలుగులో 'ఎస్‌ఆర్‌హెచ్' అని రాస్తే దాదాపు రెట్టింపు చోటు కావాలి. కొందరు 'హైద' అని కుదించారు. నాకు అదే నచ్చింది. ఇంగ్లీషు పొడి అక్షరాలను తెలుగు లిపిలో పేర్చడం కన్నా ఊరి పేరును మన నోటికి తగ్గట్టు కుదించుకోవడమే మన పద్ధతి. దినపత్రికల క్రీడా పేజీల్లో సబ్ ఎడిటర్లు స్కోరు పట్టికల కోసం ఎప్పటినుంచో చేస్తున్న పనే అది. టీవీవాళ్లు వాళ్లను అడిగి ఉంటే బాగుండేది.

ఒకే ఛానెల్‌లో రిమోట్ నొక్కి భాష మార్చుకునే వీలు ఉన్నప్పుడు వేరే ఛానెల్ ఎందుకని కొందరు అడుగుతారు. ధ్వని మార్చితే మాట మారుతుంది గానీ బొమ్మ మారదు. ప్రకటనలు బొమ్మలోనే ఉంటాయి. విజయవాడ నగల దుకాణం ప్రకటన లక్నోలో వేయడం దండగ. ప్రాంతీయ ప్రకటనలు అమ్ముకోవాలంటే వేరే బొమ్మ కావాలి, అంటే వేరే ఛానెల్, వేరే ధర, వేరే రేటింగు. 2021 జూన్‌లో వచ్చిన సోనీ టెన్ 4 మధ్యేమార్గం పట్టింది, ఒకే ఛానెల్‌లో తమిళం, తెలుగు రెండూ. ఆ ఏడాది జరిగిన యూరో ఫుట్‌బాల్ తెలుగు మాటలతో విన్నాం, అది మంచి ప్రయత్నం. కానీ ఒక బొమ్మ మీద రెండు భాషలు నడుస్తున్నప్పుడు స్కోరు పట్టీ తెలుగులోనూ వేయలేరు, తమిళంలోనూ వేయలేరు.

రెండో ప్రశ్న, కబడ్డీ. ఇది నా మనసుకు దగ్గరి విషయం.

ప్రో కబడ్డీ 2014 జులై 26న మొదలైంది. అప్పటి ఎనిమిది జట్లలో చాలావాటికి ఊరి పేరు ఉంది. మన జట్టుకు మాత్రం భాష పేరు పెట్టారు, తెలుగు టైటాన్స్. ఆ సమయంలోనే రాష్ట్రం రెండు అయింది. హైదరాబాద్ అంటే ఒకవైపు, విశాఖ అంటే ఒకవైపు అనిపించే రోజుల్లో భాష పేరు పెట్టుకోవడం రెండు వైపులవాళ్లనూ కలిపింది. రెండు నగరాల్లోనూ మ్యాచ్‌లు ఆడారు. ఉత్తరప్రదేశ్‌లోని బిజ్నోర్ నుంచి వచ్చిన రాహుల్ చౌదరి కూతకు వెళ్తే శ్రీకాకుళంలోనూ ఆదిలాబాద్‌లోనూ ఒకేలా అరిచారు. 2025 ఆగస్టు 29న పన్నెండో సీజన్ విశాఖలో మొదలైంది, తొలి మ్యాచ్ టైటాన్స్‌కీ తమిళ్ తలైవాస్‌కీ. ఇలాంటి జట్టు ఉన్నప్పుడు తెలుగు పేరున్న ఛానెల్‌కి ఇంతకు మించిన సొంత సరుకు ఏముంటుంది?

అయినా ఒకే రాత్రి క్రికెట్ ఉంటే కబడ్డీ ఎందుకు పక్కకు వెళ్తుందో చెప్తాను. కబడ్డీ ఆట 40 నిమిషాలు, రెండు సగాలు, మధ్యలో ఐదు నిమిషాల విరామం. ఒక రైడు 30 సెకన్లు, ఒకటి అయ్యాక ఇంకోటి వెంటనే. ప్రకటనకు చోటు తక్కువ. టీ20 క్రికెట్‌లో ఓవర్ ఓవర్‌కీ ఖాళీ ఉంటుంది, వికెట్ పడితే ఖాళీ ఉంటుంది. ఐపీఎల్‌లో వాటికి తోడు ఒక్కో ఇన్నింగ్స్‌లో రెండేసి స్ట్రాటజిక్ టైమ్ అవుట్లు, ఒక్కోటి రెండున్నర నిమిషాలు. ఒక్క క్రికెట్ రాత్రి అమ్మే ప్రకటనల పక్కన కబడ్డీ రాత్రి చాలా చిన్నది.

అంతకన్నా పెద్ద అడ్డం ఇంకోటి ఉంది. పెద్ద కంపెనీలకు ప్రకటనల చోటు అమ్మేటప్పుడు అన్ని భాషల ఛానెళ్లూ కలిపి అమ్ముతారు. 'మీ ప్రకటన హిందీ, తమిళం, తెలుగు, కన్నడ అన్నిటిలో ఒకేసారి వస్తుంది' అని ఒప్పందం. తెలుగు ఛానెల్ ఒక్కటీ ఆ రాత్రి క్రికెట్ వదిలేసి కబడ్డీ పెడితే ఆ ఒప్పందంలో ఒక ముక్క తెగిపోతుంది. దానికి బదులు ఇంకో రోజు ఉచితంగా ప్రకటన వేసి ఇవ్వాలి, దాన్ని మేక్‌గుడ్ అంటారు. మార్కెటింగ్ వాళ్లకు మేక్‌గుడ్ అన్న మాటే గిట్టదు. అందుకే అన్ని భాషల చార్టులూ ఒకే బల్ల మీద, ఒకే మనిషి రాస్తాడు. ఆ బల్ల ముంబైలో ఉంటుంది.

నేను పనిచేసిన ఒక చోట ఇలాంటి రాత్రి వచ్చింది. ఒకవైపు రెండు విదేశీ జట్ల క్రికెట్, ఇంకోవైపు టైటాన్స్ సొంత గడ్డ మీద ఆట. ఆ క్రికెట్ మ్యాచ్ ఫలితంతో ఎవరికీ పనిలేదు. తెలుగు ఫీడ్‌లో కబడ్డీ వేద్దామని పది రోజుల ముందు మెయిల్ రాశాను. జవాబు లేదు. మళ్లీ రాశాను. మూడో మెయిల్‌కి ఆ రోజు సాయంత్రం నాలుగింటికి 'సరే' అని వచ్చింది. సంతోషపడ్డాను. కానీ సెట్ టాప్ బాక్సులో కనిపించే గైడ్‌కి వివరాలు కొన్ని రోజుల ముందే వెళ్లిపోతాయి. అందులో మా నంబరు మీద క్రికెట్ అనే ఉంది. కబడ్డీ వేరే ఛానెల్‌లో వస్తుందని అంతకుముందే ప్రోమోలు కూడా వెళ్లాయి. కబడ్డీ కావాలన్నవాళ్లు అటు వెళ్లి హిందీలో చూశారు. క్రికెట్ కావాలని మా దగ్గరికి వచ్చినవాళ్లు కబడ్డీ చూసి కోపంతో ఫోన్లు చేశారు. మర్నాడు ఉదయం అందరికీ కనిపించింది ఒక్కటే, తెలుగు ఫీడ్ సొంత నిర్ణయం తీసుకుంటే జనం చూడలేదని. ఆలస్యంగా ఇచ్చిన అనుమతి వల్ల చూడలేదన్న ముక్క ఏ నివేదికలోనూ రాలేదు. నేను మాత్రం రాశాను. దాన్ని పట్టించుకున్నవాళ్లు లేరు.

ఇక్కడ ఇంటి సంగతి కూడా ఒకటి చెప్పాలి. ఐపీఎల్ రాత్రి మ్యాచ్ 2019 దాకా ఎనిమిదింటికి మొదలయ్యేది, 2020 నుంచి ఏడున్నరకు మారింది. దేశం మొత్తానికి అది మంచి మార్పే, పిల్లలు త్వరగా పడుకోవచ్చు. కానీ తెలుగు ఇళ్లలో ఏడున్నర అంటే సీరియల్ వేళ. ఒకే టీవీ ఉన్న ఇంట్లో ఆ అరగంట మీద పెద్ద గొడవ. 2020లో సీరియల్ వేళ మార్చండని ఛానెల్‌ని బహిరంగంగా అడిగినవాళ్లు కూడా ఉన్నారు. ఆట సమయం నిర్ణయించేటప్పుడు ఒక్కో భాష ఇంట్లో ఆ గంటకి ఎవరి చేతిలో రిమోట్ ఉంటుందో అడిగితే ఈ ఇబ్బంది ముందే తెలిసేది. పైగా రేటింగులు కొలిచేటప్పుడు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ ఒకే మార్కెట్‌గా లెక్క. అంటే మనం ఎలాంటి ప్రేక్షకులమో ఛానెళ్ల దగ్గర వారం వారం లెక్క ఉంది. లెక్క ఉండీ చార్టు మారకపోవడమే నాకు బాధ.

మూడో ప్రశ్నకు వస్తే కథ తిరగబడుతుంది. దూరదర్శన్‌కి ప్రాంతీయ చార్టు ఉండేది, మ్యాచ్ మాత్రం ప్రాంతానిది కాదు.

హైదరాబాద్ దూరదర్శన్ 1977 అక్టోబరు 23న మొదలైంది. 1982 ఆగస్టు 15 నుంచి ఢిల్లీ జాతీయ కార్యక్రమం వచ్చింది. ఆ ఏడాది చివర్లో ఢిల్లీ ఆసియా క్రీడలతో దేశమంతా ఒకేసారి ఒకే ఆట చూడటం అలవాటైంది. ఢిల్లీ సిగ్నల్‌కి అందరూ కలవడాన్ని మేం హుక్‌అప్ అనేవాళ్లం. సాయంత్రం కొన్ని గంటలు మనవి. తెలుగు వార్తలు, పొలం పనులు, శుక్రవారం చిత్రలహరి. ఆ గంటల్లో ఏం వెయ్యాలో ఇక్కడి మనుషులే రాసేవారు. కానీ మ్యాచ్ ఆలస్యమై సాయంత్రంలోకి జరిగితే హుక్‌అప్ తెగేది కాదు. పాటల కోసం కూర్చున్నవాళ్లు, ఆట కోసం కూర్చున్నవాళ్లు ఇద్దరూ డ్యూటీ రూముకే ఫోన్ చేసేవారు. ఇద్దరిదీ న్యాయమే. 1996 ఫిబ్రవరి 23న విశాఖపట్నంలో ప్రపంచ కప్ మ్యాచ్ జరిగింది, ఆస్ట్రేలియా, కెన్యా. మార్క్ వా 130 కొట్టాడు. మన ఊరి మైదానం, మన ఎండ, స్టాండ్లలో మన జనం. తెర మీద మాత్రం తెలుగు ఒక్క ముక్క లేదు. ఆ రోజు నా మనసులో పడిన ప్రశ్నే తర్వాత నన్ను స్పోర్ట్స్ వైపు తీసుకెళ్లింది.

ప్రైవేటువాళ్లకు దారి తెరిచింది సుప్రీంకోర్టు. 1993 హీరో కప్ క్రికెట్ పోటీల ప్రసార హక్కుల గొడవ మీద 1995 ఫిబ్రవరిలో తీర్పు వచ్చింది. గాలిలోని తరంగాలు ప్రజల ఆస్తి, ఏ ఒక్కరి గుత్తసొత్తూ కాదని. ఆ ధర్మాసనంలో మన తెలుగు న్యాయమూర్తి జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి కూడా ఉన్నారు. తర్వాత హక్కులు ఎక్కువ డబ్బు పెట్టినవాళ్లకు వెళ్లాయి. డబ్బు కట్టలేని ఇళ్లకు ఇండియా మ్యాచ్ అందదన్న భయంతో 2007లో చట్టం చేశారు. జాతీయ ప్రాముఖ్యం ఉన్న మ్యాచ్‌ల సిగ్నల్‌ను, తమ ప్రకటనలు తీసేసి, హక్కుదారు, అంటే హక్కులు కొన్న ఛానెల్, దూరదర్శన్‌ను నడిపే ప్రసార భారతికి ఇవ్వాలి. ఆదాయంలో 75 శాతం హక్కుదారుకి, 25 శాతం ప్రసార భారతికి. ఇండియా జట్టు ఆడే వన్డేలు, టీ20లు ఇందులోకి వస్తాయి. ఐపీఎల్ రాదు.

ఇప్పుడు మీ నాన్నగారి కేబుల్ సంగతి. ఇలా పంచుకున్న సిగ్నల్ దూరదర్శన్ సొంత టవర్లకూ, సొంత డీటీహెచ్ అయిన ఫ్రీ డిష్‌కూ మాత్రమే, కేబుల్ ఆపరేటర్లకు ఇవ్వడానికి కాదని 2017 ఆగస్టులో సుప్రీంకోర్టు చెప్పింది. హక్కుదారు డబ్బు కట్టించుకునేది కేబుల్ ఇళ్ల దగ్గరే కాబట్టి, ఆ ఇళ్లకు అదే మ్యాచ్ దూరదర్శన్ ద్వారా ఉచితంగా వెళ్తే వాళ్లకు నష్టం. అందుకే ఫ్రీ డిష్‌లో మ్యాచ్ వస్తున్న వేళ కేబుల్‌కి దూరదర్శన్ వేరే కార్యక్రమం పంపుతుంది. మీ ఆపరేటర్ తప్పు కాదు, అతన్ని తిట్టకండి.

మరి యాదగిరి, సప్తగిరి? దూరదర్శన్ ప్రాంతీయ ఛానెళ్ల పేర్లు నాకు చాలా ఇష్టం. సప్తగిరి, యాదగిరి, మరాఠీకి సహ్యాద్రి, గుజరాతీకి గిర్నార్, తమిళానికి మొన్నటిదాకా పొదిగై, అన్నీ కొండల పేర్లే. 2014లో రాష్ట్రం విడిపోయాక హైదరాబాద్ కేంద్రం ఛానెల్ యాదగిరి అయింది, విజయవాడ నుంచి సప్తగిరి వచ్చింది. తమిళ ఛానెల్‌ని 2024 జనవరిలో డీడీ తమిళ్ అని మార్చారు. ఒక పేరు వెనక భాష తగిలించే ప్రైవేటు పద్ధతే అటూ వచ్చింది. నాకైతే కొండ పేరే బాగుండేది.

ఈ ఛానెళ్లలో క్రికెట్ రాకూడదని నియమం ఏమీ లేదు, వచ్చింది కూడా. 2023 జులై, ఆగస్టుల్లో ఇండియా వెస్టిండీస్ వెళ్లినప్పుడు ఇక్కడ టీవీ ప్రసారం నేరుగా దూరదర్శన్‌కే దక్కింది. ఆ చట్టం కింద పంచుకున్న సిగ్నల్ కాదు. దాంతో వన్డేలు, టీ20లు ప్రాంతీయ ఛానెళ్లలో ఆయా భాషల్లో వేశారు, యాదగిరిలోనూ సప్తగిరిలోనూ తెలుగులో. ఆ పర్యటనలోనే ఆగస్టు 3న హైదరాబాద్ కుర్రాడు తిలక్ వర్మ ఇండియా తరఫున మొదటి మ్యాచ్ ఆడాడు. 22 బంతుల్లో 39. నేను అప్పటికి రిటైరయ్యాను. ఇంట్లో కూర్చుని, డబ్బు కట్టనవసరం లేని ఛానెల్‌లో, తెలుగు మాటల్లో మన కుర్రాడి మొదటి మ్యాచ్ చూశాను. 1996లో విశాఖ మ్యాచ్ నాడు నాకు కావాలనిపించింది సరిగ్గా అదే. ఆ ఒక్క పర్యటనలో పేరు, భాష, చార్టు మూడూ ఒకచోట కలిశాయి. ఇది ప్రతిసారీ ఎందుకు జరగదంటే హక్కులకు పెట్టాల్సిన డబ్బు. ఐపీఎల్ 2023 నుంచి 2027 దాకా ఒక్క టీవీ హక్కులే 23,575 కోట్ల రూపాయలు. ఆ పోటీలో ప్రభుత్వ టీవీ నిలబడటం కష్టం. కానీ ఎవరూ కొనని పర్యటనలు, అంతర్ జిల్లా కబడ్డీ, వీటికి అంత డబ్బు అక్కర్లేదు. అక్కడ ప్రాంతీయ కేంద్రాలు ముందుకు రావాలని నా కోరిక.

మీరు చేయగలిగినవి కొన్ని చెప్తాను. స్పోర్ట్స్ ఛానెల్‌ని ప్యాకేజీలో కాకుండా విడిగా తీసుకోండి, సీజన్ అయ్యాక తీసేయండి. తెలుగు లైవ్ లేని నెలల్లో దానికి డబ్బు కట్టనక్కర్లేదు. మ్యాచ్ వేరే నంబరుకు వెళ్లినప్పుడు రిమోట్‌లో భాష లేదా ఆడియో అని ఉన్న మీట నొక్కి చూడమని నాన్నగారికి చెప్పండి. కొన్ని ఛానెళ్లలో తెలుగు ధ్వని అక్కడే ఉంటుంది, చాలామందికి ఆ మీట సంగతి తెలియదు. ఇండియా ఆడే వన్డేలు, టీ20లే ముఖ్యం అనుకుంటే ఫ్రీ డిష్ పెట్టించండి. గొడుగు, బాక్సు ఖర్చు ఒక్కసారే, నెలవారీ చందా లేదు.

కబడ్డీ గురించి మాత్రం ఛానెల్‌కి రాయండి, మ్యాచ్ అయ్యాక కోపంగా కాదు, ముందుగా. సీజన్ షెడ్యూల్ బయటికి రాగానే టైటాన్స్ మ్యాచ్‌ల తేదీలు చూసుకోండి. వాటిలో ఏవి క్రికెట్‌తో ఢీకొంటున్నాయో గుర్తించి, ఆ తేదీలు పేరుపేరునా రాసి, 'ఈ రాత్రులు తెలుగు ఛానెల్‌లో కబడ్డీ కావాలి, మాది ఫలానా జిల్లా' అని మెయిల్ చేయండి. మీ వీధిలో నలుగురి చేత రాయించండి. చార్టు రాసేవాడి బల్ల మీద అలాంటి ఉత్తరాలు ఇరవై ఉంటే, ముంబై మీటింగులో అతను మాట్లాడటానికి ఒక ఆధారం దొరుకుతుంది. నా చేతిలో ఎప్పుడూ మ్యాచ్ మర్నాడు వచ్చిన తిట్లే ఉండేవి. పది రోజుల ముందు వచ్చిన ఉత్తరం ఒక్కటి కూడా ఉండేది కాదు.

గైడ్‌లో మ్యాచ్ పేరు తప్పుగా కనిపిస్తే ఆ స్క్రీన్ ఫొటో తీసి దానికి జతచేయండి. ఏ ఛానెల్ నంబరు, ఏ ఆపరేటర్, ఎన్ని గంటలకు అన్నది రాయండి. అవి ఉంటే సరిచేసేవాళ్లకు పని సులువవుతుంది. ఇంకేమైనా అర్థం కాకపోతే అడగండి, తెలిసినంత చెప్తాను. నాన్నగారికి నా నమస్కారాలు చెప్పండి.